ఆవలో ఎర్రకాళ్ళ కొంగ

మా బావ బెల్లం దిమ్మల్ని మార్కెట్లో దింపించేసి, అక్కణ్ణుంచి నేరుగా నా స్టూడియోకి వచ్చాడు. మామూలుగా అయితే గుమ్మంలోనే నిలబడి, అక్క ఏదైనా పంపితే నా చేతిలో పెట్టి వెళ్ళిపోయే మనిషి. ఆ రోజు లోపలికొచ్చి, పాస్‌పోర్టు ఫొటోల స్టూలు మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"బావా, నీ కెమేరాకి పనుంది. ఓపాలి ఊరొచ్చీ," అన్నాడు.

మా వైపు అక్క మొగుడూ, పెళ్ళాం తమ్ముడూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. "ఏటి, ఎవులింట్లో పెళ్ళి?" అన్నాను.

"పెళ్ళి కాదు, పిట్ట. మన ఆవలోకి కొంగొచ్చింది. కొంగంటే రోజూ సూసే కొంగ కాదు. ఎత్తు నా గుండెల కాడికొత్తాది. కాళ్ళు సూత్తే పండుమిరపకాయలు. పుట్టి బుద్దెరిగేక ఇలాటిది నాను సూళ్ళేదు."

రెండువేల సంవత్సరం దాటిన మొదటి ఏళ్ళు అవి. అనకాపల్లి మెయిన్ రోడ్డులో నాకో చిన్న స్టూడియో ఉండేది. చుట్టుపక్కల షాపుల్లో డిజిటల్ కెమేరాలు, కంప్యూటర్లు దిగుతున్నాయి. నేనింకా రీలు మీదే ఉన్నాను. పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. పొద్దున షట్టరు ఎత్తి, మధ్యాహ్నం దాకా రోడ్డు చూస్తూ కూర్చునే రోజులు. అందుకే బావ అడగ్గానే షట్టరు దించేసి స్కూటరు తీశాను.

మునగపాక దాటాక కుడివైపు మట్టిరోడ్డు. రెండువైపులా చెరుకు. చెరుకు దాటితే ఆవ. ఆవ అంటే పల్లంలో నీళ్ళు నిలిచిపోయే పెద్ద మడుగు. వానలకి నిండి, చలికాలానికి అంచుల్లో నీరు తీస్తుంది. తీసిన మేరకి రైతులు మళ్ళు కట్టి వరి నాటుతారు. మా బావకి ఆ అంచునే మడి ఉంది.

గట్టు మీద చెరుకు చాటున నిలబడి చూశాను. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉందది. ఒంటి మీద తెలుపు, రెక్కల మీద నల్ల పట్టీ. మెడ దూరం నుంచి నలుపే గాని, ఎండలోకి తిరిగినప్పుడు నెమలి మెడలా నీలం, ఆకుపచ్చ. ముక్కు నల్లగా, మూరెడు. ఉన్నట్టుండి రెండు రెక్కలూ విప్పుకుని, చేప వెనకాల నీళ్ళలో అటూ ఇటూ పరుగెత్తింది. అంత పెద్ద పిట్ట అలా ఆడుకునే పిల్లలా పరుగెత్తుతుంటే బావ నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వగా అంతకుముందు నేను చూసింది తక్కువ.

కెమేరాలో ముందురోజు పెళ్ళి రీలు ఉంది. అప్పగింతలు అయ్యాక నాలుగు ఫ్రేములు మిగిలాయి. ఆ నాలుగూ కొంగకి పెట్టేశాను.

మా రీళ్ళన్నీ విశాఖపట్నంలో కలర్ ల్యాబుకి వెళ్ళేవి. పొద్దున బస్సుకి పంపితే సాయంత్రానికి ప్రింట్లు వచ్చేవి. ఈసారి ప్రింట్లతో పాటు ఫోను కూడా వచ్చింది. ముసలి గొంతు, వణుకుతోంది.

"ఆ కొంగ ఫొటో తీసింది మీరేనా బాబూ? ఎక్కడ తీశారు?"

ఆయన జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. తన పిట్టల ఫొటోలు కడిగించుకోవడానికి అదే ల్యాబుకి వస్తే, కౌంటరు మీద ఎవరి పెళ్ళి ఫొటోలో ఆరబెట్టి ఉన్నాయట. వాటి చివర ఈ కొంగ. విశాఖ చుట్టూ ఏ పిట్ట ఎప్పుడు, ఎక్కడ కనబడిందో ఉద్యోగంలో చేరిన నాటినుంచీ రాసుకుంటున్నాడు. ఎవరూ రాయమనలేదు, ఎవరూ అడగలేదు. అరుదైనవి ఏమైనా కనబడితే ఏడాదికోసారి ఒక కాగితం మీద టైపు చేసి, జిరాక్సు తీయించి, తనలాంటి నలుగురైదుగురికి పోస్టు చేసేవాడు.

"దాన్ని నల్లమెడ కొంగ అంటారు. ఈ జిల్లాలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. నా ముందువాళ్ళు చూశారని చదువుకున్నానంతే," అన్నాడు. వెంటనే, "ఎవరికీ చెప్పకండి బాబూ. పేపరువాళ్ళకి అసలు చెప్పకండి," అన్నాడు.

ఆ ఆదివారమే బస్సు దిగాడు. సన్నగా, కాస్త వంగిన మనిషి. మెడలో పాత బైనాక్యులర్స్, చేతిసంచిలో నోటుపుస్తకం, మంచినీళ్ళ సీసా. స్కూటరు మీద కూర్చోబెట్టుకుని ఆవకి తీసుకెళ్ళాను. ఆ రోజు కొంగ రాలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా గట్టు మీద కూర్చున్నాం. నీటికోళ్ళు వచ్చాయి, బాతులు వచ్చాయి, అది మాత్రం రాలేదు. మా బావ అయితే ఇంటికొచ్చిన చుట్టానికి విస్తరి వెయ్యలేకపోయినవాడిలా అయిపోయాడు.

"నిన్న ఇక్కడే ఉందండి సారూ. ఇదిగో, ఈ తుంగ పక్కన. ఒట్టు," అన్నాడు.

"నాకు నమ్మకమేనయ్యా. పిట్ట మన టైముకి రాదు," అన్నాడాయన.

అక్క తెచ్చిన అన్నం గట్టు మీదే తిన్నాం. తింటూ ఆయన, ఈ కొంగల్లో ఆడదాన్నీ మగదాన్నీ ఎలా పోల్చుకోవాలో చెప్పాడు. కన్ను పసుపు రంగైతే ఆడది, ముదురు రంగైతే మగది. నా ఫొటోల్లో కన్ను తెలియడం లేదు. అవి జంటగానే బతుకుతాయట.

"మరి ఇది ఒక్కర్తే ఉందేటండి?" అన్నాడు బావ.

"జత ఎక్కడో పోయి ఉంటుంది. ఇది దానికోసం తిరుగుతోందో, ఊరికే తిరుగుతోందో మనకేం తెలుసు."

సాయంత్రం బస్సెక్కుతూ, నెలా నెలన్నరలో మళ్ళీ వస్తానని చెప్పాడు. కంటికి ఆపరేషను చెయ్యించుకోవాలట, అయినా ముందు దీన్ని చూశాకే అన్నాడు.

మూడో రోజు స్టూడియోకి ఫోను. ఎస్టీడీ బూతు నుంచి బావ, రొప్పుతున్నాడు.

"బావా, పసుపే! పసుపు కన్నే! పొద్దున్నించి తుంగలో పడుకుని సూసేను. ఆ సారుకి సెప్పీ. ఆడదేనని సెప్పీ."

యాభై ఏళ్ళ మనిషి, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసినవాడు, బురదలో బోర్లా పడుకుని కొంగ కన్ను చూసొచ్చాడు. ఆ వారం నుంచి ఆయనకి అదే లోకమైంది. వలలతో పిట్టలు పట్టేవాళ్ళు ఆవ వైపు వస్తే, మడి మీదుగా వెళ్ళడానికి లేదని గొడవపడి వెనక్కి పంపేవాడు. చేపలు పట్టేవాళ్ళతో, ఆ తుంగ దగ్గరికి పడవ తేవద్దని మాట తీసుకున్నాడు. "మీ బావ నాకు సవితినొట్టుకొచ్చేడు," అని అక్క వేళాకోళం చేసేది. నేనూ రెండు రోజులకోసారి వెళ్ళేవాణ్ణి. స్టూడియోలో కూర్చుంటే ఊపిరాడేది కాదు. ఆ గట్టు మీద ఇద్దరం మాట్లాడుకోకుండా కూర్చుంటే బాగుండేది. కొంగ కూడా మాకు అలవాటు పడింది. బావ మడిలో కలుపు తీస్తుంటే, అవతలి గట్టు పక్కన చేపలు ఏరుకునేది.

పుష్యమాసం చివర్లో బావ మళ్ళీ ఫోను చేశాడు. వరి మొవ్వులు ఎండిపోతున్నాయని, పట్టుకుంటే ఊడి చేతికొస్తున్నాయని చెప్పాడు. కాండంలో పురుగు. ఊళ్ళో అందరి మళ్ళలోనూ ఉందట.

"వచ్చీటప్పుడు గుళికలు రెండు పేకట్లు ఒట్టుకొచ్చీ బావా. అందరూ సల్లీసేరు, నానే ఎనకబడ్డాను."

గుళికలంటే ఇసకలా ఉండే పురుగుల మందు. దాన్ని ఇసకలో కలిపి, మడిలో నీళ్ళు పలచగా నిలబెట్టి చేత్తో చల్లుతారు. మా నాన్న చల్లాడు, నా చిన్నప్పుడు నేనూ చల్లాను. చల్లిన రెండు రోజులు మడిలో చేపలూ కప్పలూ తేలతాయని నాకు తెలుసు, బావకీ తెలుసు. పశువుల్ని ఆ నీళ్ళు తాగనివ్వరు. ఇవన్నీ తెలుసు. మందుల షాపులో పేకట్లు తీసుకుని, స్కూటరు ముందు పెట్టుకుని, కెమేరా భుజానికి తగిలించుకుని వెళ్ళాను. దారి పొడుగునా, ఆ సాయంత్రం వెలుతురు బాగుంటే కొంగని దగ్గర్నుంచి తీయవచ్చుననే ఆలోచిస్తున్నాను. ఆ రెండు పేకట్లకీ కొంగకీ మధ్య ఏదైనా ఉందని నా బుర్రకి తట్టలేదు. ఎందుకు తట్టలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున బావ చల్లేశాడు. ఆపై రోజు, బుధవారం, అక్క ఫోను చేసింది. తనెప్పుడూ బూతుకి వెళ్ళి ఫోను చేసే మనిషి కాదు.

"తమ్ముడూ, ఓపాలి రా. మీ బావ గట్టు మీంచి లెగట్లేదు."

నేను వెళ్ళేసరికి కొంగ మడి గట్టు మీద పడి ఉంది. ఇంకా ప్రాణం ఉంది. రెక్కలు రెండూ నేల మీద పరుచుకుపోయాయి. ఎర్ర కాళ్ళు వెనక్కి చాచుకుని, ఉండుండి తన్నుకుంటున్నాయి. బావ దాని తల ఒళ్ళో పెట్టుకుని, చెంబుతో నీళ్ళు ముక్కులో పోస్తున్నాడు. నీళ్ళు పక్కనుంచి కారిపోతున్నాయి. మడి నిండా చిన్న చేపలు తెల్లటి పొట్టలు పైకి చేసుకుని తేలుతున్నాయి. అవి తేలిగ్గా దొరికాయని అది వచ్చి ఉంటుంది. రోజంతా పరుగెత్తి పట్టుకోవాల్సినవి ముందే పడి ఉంటే తినదా?

"చింతపండు నీళ్ళు పోసేను. మజ్జిగ పోసేను. ఏదీ దిగట్లేదు బావా," అన్నాడు.

"పశువుల డాక్టర్ని తెమ్మంటావా?"

"తెల్లారే వొచ్చి ఎల్లిపోయేడు. కోడికైనా గేదెకైనా ఏదో సెప్పగలను గాని దీనికి నాకేటి తెలుసన్నాడు."

మధ్యాహ్నానికి పోయింది. పోయాక కూడా ఆ కన్ను పసుపుగానే ఉంది. అంత దగ్గర్నుంచి నేను చూడటం అదే మొదలు. అలవాటు కొద్దీ నా చెయ్యి కెమేరా మీదికి వెళ్ళింది. బావ తలెత్తి, "తియ్యకు," అన్నాడు. తియ్యలేదు. చెరుకు తోట మొదట్లో గొయ్యి తీసి పూడ్చాం. రెక్కలు మడవడానికి రాలేదు. గొయ్యి ఇంకా వెడల్పు చెయ్యాల్సి వచ్చింది.

ఆదివారం లెక్చరరు గారు వస్తానని ముందే ఉత్తరం రాసి ఉన్నారు. గురువారం ఫోను చేశాను. ఆయన భార్య ఎత్తారు. "ఆయన బజారెళ్ళారు నాయనా. మీ ఊరు రావడానికి కొత్త రీలు కొనుక్కోవాలని. నిన్నటి నుంచీ ఒకటే హడావుడి," అన్నారు. ఏమీ లేదమ్మా, ఊరికే చేశానని చెప్పి పెట్టేశాను. శుక్రవారం, శనివారం ఫోను పక్కనే కూర్చున్నాను గాని చెయ్యి వెయ్యలేదు.

ఆదివారం ఆయన బస్సు దిగుతూనే నవ్వాడు. దారిలో స్కూటరు వెనక కూర్చుని, ఒంటరిగా తిరిగే కొంగలకి ఒక్కోసారి జత దొరుకుతుందనీ, అందుకు ఆవ చుట్టూ పెద్ద చెట్లు అట్టేపెట్టాలనీ చెబుతూనే ఉన్నాడు. నేను "ఊఁ" కొడుతూ నడిపాను.

గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని, బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాడు. ఒక వైపు నేను, ఒక వైపు బావ. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఆయన నెమ్మదిగా ఆవ ఈ చివర్నించి ఆ చివరికి చూసేవాడు, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. చేతులు నొప్పెడితే దించి, వేళ్ళు విరుచుకుని, మళ్ళీ ఎత్తేవాడు. ఒక కన్ను ఎప్పుడో పోయిందని, ఆపరేషను చెయ్యాల్సిన రెండోదానితోనే చూస్తున్నానని అన్నాడు. ఆ మాటకి బావ ఇక ఆగలేకపోయాడు.

"సారూ, దించీయండి. అది రాదు."

"వస్తుందయ్యా. నాకేం తొందర లేదు."

"రాదండి. సచ్చిపోనాది. బుధవారం నాడు. ఈ మడిలోనే తింది. గుళికలు నానే సల్లీసేను."

ఆయన బైనాక్యులర్స్ వెంటనే దించలేదు. అలా పట్టుకునే ఉన్నాడు. తర్వాత దించి, కవరులో పెట్టి, బొత్తాం పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు సార్. మందు తెచ్చింది నేనే."

"దారిలో చెప్పచ్చు కదా నాయనా," అన్నాడు. అంతే.

బావ రెండు చేతులూ కట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఓ మాట తిట్టండి సారూ. ఏదోటి అనండి."

"తిట్టి ఏం చెయ్యను? మా ఊళ్ళో మా తమ్ముడూ చల్లుతాడు. ఆ బియ్యమే నాకు పంపుతాడు."

"మరి ఏటి సెయ్యాల? సల్లకపోతే పంట పోతాది."

ఎన్నో ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. ఏదో ఒకటి చెబుతాడని ఇద్దరం ఆయన నోటి వంకే చూస్తున్నాం.

"నాకు తెలీదయ్యా," అన్నాడు.

పూడ్చిన చోటు చూపించమన్నాడు. చూసి, కొలత ఏమైనా తీసుకున్నారా అని అడిగాడు. లేదన్నాం. నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు. అక్క అన్నం పెడితే వద్దనకుండా తిని, సాయంత్రం బస్సు దాకా ఆగకుండా రెండు గంటల బస్సుకే వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది చివర ఆయన కాగితం నాకు పోస్టులో వచ్చింది. విశాఖ చుట్టుపక్కల కనబడిన అరుదైన పక్షులు, ఇంగ్లీషులో. ఆరో ఏడో ఉన్నాయి. రెండిటి కింద, అవి కనబడిన చెరువు పూడ్చేశారనీ, ఇక చూడటానికి వెళ్ళనక్కర్లేదనీ రాశాడు. మాది నాలుగోది. బావ దగ్గరికి తీసుకెళ్ళి తెలుగులో చెప్పాను. మునగపాక దగ్గర ఆవ, ఒకటి, ఆడది, ఆరు వారాలు ఉంది, పురుగుమందు వల్ల చనిపోయింది.

"సల్లినోడి పేరేసేడా?"

"లేదు. మొదట చూసినవాళ్ళని నీ పేరూ నా పేరూ వేశాడు."

బావ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి, తన పేరెక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. దాని మీద బొటనవేలు పెట్టాడు. "నా పేరు కొట్టీమను బావా. ఓ కార్డు ముక్క రాసీ," అన్నాడు. రాశాను. జవాబు రాలేదు. తర్వాత ఏడాది కాగితమూ రాలేదు. ల్యాబు అతన్ని అడిగితే, ఆపరేషను సరిగా అవలేదని, ఆ ఒక్క కన్నూ పోయిందని చెప్పాడు. చూడ్డానికి వెళ్ళాలి అనుకున్నాను. వెళ్ళి ఏం చెప్పాలో తెలియక వెళ్ళలేదు. ఆలోగా ల్యాబు కూడా మూసేశారు.

కొంగ పోయిన మరుసటి చలికాలం బావ గుళికలు చల్లలేదు. అక్క మొత్తుకుంది, ఊళ్ళో వాళ్ళు చెప్పి చూశారు, వినలేదు. వేపకషాయం కాచి కొట్టాడు, దీపం ఎర పెట్టాడు, ఎండిన మొవ్వుల్ని ఒక్కొక్కటే పెరికి కాల్చాడు. చుట్టూ మళ్ళలో మందు తట్టుకోలేని పురుగంతా ఈ ఒక్క మడిలోకే చేరింది. కంకి తీసేసరికి మడి మడంతా తెల్లకంకులు. ముట్టుకుంటే ఒక్క గింజ లేదు. దూరం నుంచి చూస్తే మాత్రం ఎండలో మెరుస్తూ అందంగా ఉండేది. పెద్ద పిట్ట ఏదీ ఆ చలికాలం ఆవలోకి రాలేదు. బావ అయితే రోజూ పొద్దున్నే తుంగ వైపు వెళ్ళొచ్చేవాడని అక్క చెప్పింది. గింజ లేని ఆ వరిని గడ్డిగా కోసి పశువులకి వేశారు.

మరుసటేడు చల్లాడు. నన్ను తెమ్మనలేదు, తనే అనకాపల్లి వచ్చి, నా స్టూడియో ముందు నుంచే షాపుకి వెళ్ళి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. అప్పటికి నేనూ షట్టరు సగం దించుకునే కూర్చునేవాణ్ణి. ఆయన వెళ్ళడం చూశాను. పిలవలేదు.

రెండు రోజులాగి ఊరు వెళ్ళాను. ఇంట్లో లేడు. "మడి కాడే ఉన్నాడు. సల్లినకాణ్ణుంచి ఇంటికే రాలేదు. అన్నం కూడా అక్కడికే ఒట్టుకెల్తన్నాను," అంది అక్క.

గట్టు మీద మా బావ పాత రేకు డబ్బా ఒకటి మెడకి తాడుతో కట్టుకుని, కర్రతో దాని మీద కొడుతూ నడుస్తున్నాడు. మడిలో చేపలు తేలి ఉన్నాయి. వాటి కోసం తెల్లకొంగలు వాలుతున్నాయి. వాలినప్పుడల్లా "హోయ్! పోండి! పోండమ్మా!" అని కేకలేస్తూ, డబ్బా మోగిస్తూ వాటి మీదికి పరుగెడుతున్నాడు. గొంతు బొంగురుపోయింది. కాళ్ళు గట్టు మీద జారుతున్నాయి. నన్ను చూసి కూడా ఆగలేదు. నేనూ చొక్కా విప్పి ఊపుకుంటూ రెండో గట్టు మీద పరుగెత్తాను.

కొంగలు మా మీదుగా లేచేవి. ఒక చుట్టు తిరిగి, పక్కవాళ్ళ మడిలో వాలేవి. అందులో ముందురోజే చల్లారు.